ఏడో తెప్ప కూత

మార్గశిర శుద్ధ దశమి, ఉదయం

మంచు లేదు. బూర విప్పి కూత పెట్టె పరీక్షించాను, చెవి దగ్గర సన్నగా మోగింది. బూరకి ఉప్పు పట్టకుండా నూనె రాశాను. అలల ఊపుకి నిండే బ్యాటరీ నిండుగా ఉంది.

తెప్పల సంఘం వాళ్ళు లాగ్‌లో ఇంతవరకే రాయమన్నారు. "నీ ఇంటి భోగట్టా మాకెందుకే లోవమ్మా" అని మా ఏడో తెప్ప పెద్ద వీర్రాజు బాబాయి కిందటేడు నలుగురిలో అనేశాడు. ఆయన పెద్దరికాన్ని కాదనను. కానీ ఈ పెట్టె పక్కన కూర్చుంటే పలకరించే నాథుడుండడు. ఇంటికెళ్తే అక్కడున్న మనిషికి మాట లేదు. నేనెవరితో చెప్పుకోవాలి? అందుకే రాస్తాను. చదవడం ఇష్టం లేకపోతే ఎవరూ బలవంతం చెయ్యలేదు.

ఆ మాట లేని మనిషి మా వదిన, సూరాడ నూకరత్నం. నా పెనిమిటి కొండబాబుకి అక్క. ఉప్పాడ మునిగి తెప్పల మీద తేలూరు అవ్వకముందు, ఇంకా నేల మీద ఉన్న రోజుల్లో పుట్టింది. పంతొమ్మిదో ఏట హైదరాబాదు వెళ్ళి, పాటల కంపెనీ వాళ్ళు పెట్టిన పేరుతో 'నైరా' అయింది. అప్పట్లో ఫోను తీస్తే నైరా, బస్సెక్కితే నైరా, పెళ్ళి పందిట్లో నైరా. మా పెళ్ళిలోనూ ఆమె పాటలే మోగాయి, ఆమె మాత్రం రాలేదు. నిరుడు గొంతులో పుండు లేచి, ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసెయ్యాలన్నారు, తీసేశారు. ఫాల్గుణంలో ఒక పెట్టె పట్టుకుని మా తెప్ప మీద దిగింది.

అప్పట్నుంచి పలక మీద రాస్తుంది. పలక అందకపోతే గరిటెతో కంచం వాయిస్తుంది. టీకి ఒక దెబ్బ, కోపం వస్తే ఎడాపెడా. ఈ నెలలు గడిచేసరికి నాకు గరిటె కనబడితే గుండె దడ పుడుతోంది.

మార్గశిర శుద్ధ త్రయోదశి

మంచు లేదు. కూత పరీక్ష సరే.

ఆసుపత్రి ఓడ వచ్చింది. గాలివాటుకి అది ఏడాదికొక్కసారే మావైపు వస్తుంది, గాలి మళ్ళగానే ఒడిశా వైపు పోతుంది. వదినని పడవలో కూర్చోబెట్టి తీసుకెళ్ళాను. అక్కడి డాక్టర్ మెహజబీన్ గారు గుంటూరు మనిషి, నెమ్మదస్తురాలు. వదినని చూడగానే లేచి నిలబడ్డారు. "నేను నైరా పాటలు వింటూ చదువుకున్నానండీ" అన్నారు.

గొంతు పట్టీ అని ఒకటుందట. మెడకి కడితే నరాల కదలిక పట్టుకుని మాటగా వినిపిస్తుందట, పాట కూడా పాడొచ్చట. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. డాక్టరమ్మ నైరా పాటలన్నీ యంత్రానికి వినిపించి, ఒక పట్టీని తాత్కాలికంగా వదిన మెడకి కట్టారు. వదిన పెదాలు కదిపింది.

"హలో లోవమ్మా" అంది పట్టీ. తేనె పూసినట్టుంది. అది విన్న వదిన మొహం చూడాలి! ఎవరో పరాయి మనిషి నోట్లో చెయ్యి పెట్టినట్టు ఉలిక్కిపడి, పట్టీ పీకి బల్ల మీద కొట్టింది. పలక మీద రాసింది: "ఇది నేను కాదు. కంపెనీ పిల్ల."

డాక్టరమ్మకి కోపం రాలేదు. "నిజమేనండీ. ఆ పాటలన్నీ మెషిన్ సాపు చేసినవి. ఊపిరి తీసేశారు, జీర తీసేశారు. మెషిన్ ముట్టుకోని మీ గొంతు ఒక్క పాటంత దొరికితే మిమ్మల్ని మీకు ఇచ్చేస్తాను. దొరక్కపోతే ఇదే పెట్టాలి. ఒక్కసారి పెట్టాక మార్చడం కుదరదు, నరాలు ఆ గొంతునే నేర్చేసుకుంటాయి."

తిరిగొచ్చేటప్పుడు పడవలో వదిన పలక నింపుతూనే ఉంది. కంపెనీకి పంపడానికి ఒకే ఒక్క డెమో పాడిందట. సొంత పాట. మా మావయ్య, అంటే వాళ్ళ నాన్న ఎల్లాజీ పడవలో, ఐసు గదిలో కూర్చుని పాడిందట. ఐసు కరక్కుండా చుట్టూ దట్టంగా థర్మాకోల్ కొట్టిన గది కదా, రేవు మొత్తం మీద చప్పుడు దూరని చోటు అదొక్కటే. మావయ్య ఫోన్‌లోనే రికార్డు చేశారు. అది విని కంపెనీ వాళ్ళు పిల్లని తీసుకున్నారు, పాటని మాత్రం చేపల కంపు కొడుతోందని పక్కన పడేశారు.

"మరి ఆ ఫోనేదీ?" అన్నాను. వదిన చెయ్యెత్తి సముద్రం కేసి చూపించింది. మా పాత ఇల్లు అక్కడే, నీళ్ళ అడుగున ఉంది. కంపెనీ దగ్గరున్న కాపీ సంగతి అడగనక్కర్లేదు. సూర్యుడి తుఫానుకి ఉపగ్రహాలు చచ్చిన ఏడాదే వాళ్ళ మిషన్లూ మాడిపోయాయి.

మార్గశిర పౌర్ణమి

మంచు లేదు.

తెప్ప తెప్పకీ తిరిగి పాత ఫోన్లు, పాత కార్డులు అడిగాను. ఒకామె తన మొగుడి పెళ్ళినాటి వీడియో ఇచ్చింది. అందులో వెనకాల నైరా పాటే, అదీ సాపు చేసిందే. వదిన అన్నం ముట్టలేదు. కంచం కూడా వాయించలేదు. ఈ మనిషి గరిటె పట్టుకుని రణగొణ చేస్తేనే నయమని మొదటిసారి అనిపించింది.

మార్గశిర బహుళ విదియ, తెల్లవారాక

మంచు! ఈ ఏడాది మొదటి మంచు. చెయ్యి చాపితే చెయ్యి కనబడలేదు. కూతలు మొదలెట్టాం.

ఉపగ్రహాలున్న రోజుల్లో పడవకి దారి ఆకాశం చెప్పేదట. ఇప్పుడు చెవే దిక్కు. ఒక్కో తెప్పకి ఒక్కో కూత. మొదటి తెప్పది శంఖం, మూడోది సైకిల్ బెల్లు, అయిదోది రేకు డబ్బా. ఎవరి తెప్ప కూత వాళ్ళు ఏళ్ళ తరబడి వింటారు కనక, మంచులో కళ్ళు మూసుకుని కూడా ఇంటికొచ్చేస్తారు. మా ఏడో తెప్ప కూత మాత్రం పరువు తక్కువ వ్యవహారం. "ఓ......య్" అని బొంగురుగా సాగుతుంది. "మీ బర్రె ఈనిందా?" అని మిగతా తెప్పలవాళ్ళు వెక్కిరిస్తారు. ఆ కూత పెట్టింది మా మావయ్యే. దేంతో చేశాడో ఆయన చెప్పలేదు, చచ్చిపోయేదాకా ఎవరూ అడగలేదు.

మొదటి కూత వెయ్యగానే వెనక కంచం పడ్డ చప్పుడైంది. వదిన. తలంతా మంచు నీళ్ళు కారుతూ, కాళ్ళకి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి పెట్టెని రెండు చేతులా పట్టుకుంది. వదిన ఎప్పుడూ ఎండాకాలమే చుట్టపుచూపుగా వచ్చి పోయేది, వచ్చి ఉండిపోయాక మంచు ఇదే మొదలు. పరీక్ష కూత బూర లేకుండా నా చెవికే వినబడేది, ఈ కూత ఆమె చెవిన పడ్డం ఇదే మొదటిసారి.

పలక మీద రాసింది: "అది నేను."

"వదినా, అది బర్రె" అన్నాను. నవ్వాను కూడా. ఎడాపెడా నా వీపు మీద వాయించింది.

తర్వాత రాసిన మాటకి నవ్వు ఆగిపోయింది. "కూతకి ముందు టక్కుమంటుంది చూడు. నాన్న ఐసు గొడ్డలి." ఇన్నేళ్ళుగా ఆ టక్కు నేను వింటున్నదే. బూర వదులైందనుకుని మర బిగిస్తూ వచ్చాను.

డాక్టరమ్మ అప్పటికి మా తెప్ప మీదే ముసలివాళ్ళని చూస్తున్నారు. ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. చేతియంత్రంలో కూత పట్టి, వేగం పెంచి వినిపించారు.

బర్రె పోయింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల రోడ్డు మీద ఎవర్నో కేకేసినట్టు, "ఓయ్!" అంది. గొంతులో ఎంత పొగరు! వీర్రాజు బాబాయి నోట్లో చుట్ట అలాగే ఉండిపోయింది. "ఎల్లాజీ కూతురు గొంతే. రేవులో ఈ కేక నేనెరుగుదును" అన్నాడాయన.

నాకప్పుడు తెలిసింది. కూతురు ఊరొదిలి పోయింది. ఆమె గొంతు వింటూ ఇంటికి రావాలని మావయ్య దాన్ని ఫోనులోంచి తీసి పెట్టెలో పెట్టుకున్నాడు. సన్న గొంతు మంచులో దూరం పోదని వేగం సగానికి తగ్గించాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి సిగ్గుపడి ఉంటాడు, మా మావయ్య అలాంటి మనిషే. నాకు ఏడుపాగలేదు.

అదే రోజు, సాయంత్రం

మంచు తగ్గలేదు. కూతలు నడుస్తున్నాయి.

సంతోషం ఒక్క పూట కూడా నిలవలేదు. బయటికి మోగేది ఆ ఒక్క కేకే, మిగతా పాట లోపలి కార్డులో ఉంటుందన్నారు డాక్టరమ్మ. పెట్టె విప్పి కార్డు తియ్యాలి. విప్పడానికి మరలేవీ? మావయ్య పడవల మనిషి, ఉప్పునీళ్ళు తగలకూడని ప్రతిదానికీ ఆయనకి తెలిసిన మందొక్కటే. పడవ అడుక్కి పోసే రెజిన్ తెచ్చి, కార్డు, తీగలు, యాంప్లిఫయరు అన్నీ కలిపి నిలువునా ముంచేశాడు. బండరాయైపోయింది. కోస్తే కార్డు చేతికి రావచ్చు. పెట్టె మాత్రం ఇక మోగదు.

పడవ బయట ఉండగా కూత ఆపకూడదు. తేలూరులో ఇంతకు మించిన కట్టడి లేదు. ఇప్పుడు మా తెప్ప పడవలన్నీ వేటలోనే ఉన్నాయి, కొండబాబు పడవతో సహా. పోనీ మంచు విడిచాక కోద్దామా అంటే, గాలి మళ్ళితేనే మంచు విడుస్తుంది, గాలి మళ్ళిన పూటే ఓడ వెళ్ళిపోతుంది. పట్టీ బిగించడానికి, నేర్పడానికి వాళ్ళకి ఒక రోజన్నా కావాలి.

మంచుంటే పెట్టె ఆపకూడదు. మంచు లేకపోతే ఓడ ఉండదు.

వీర్రాజు బాబాయి తెప్ప మీద అందరినీ కూర్చోబెట్టాడు. "రత్నం మా ఇంటి పిల్లే. కానీ దాని గొంతు కోసం మగోళ్ళని ఆ మునిగిన రాళ్ళకట్ట మీదకి తోలలేం కదమ్మా" అన్నాడు. ఆ మాటలో తప్పేముంది? నా పెనిమిటీ అక్కడే ఉన్నాడు. వదిన కేసి చూడలేకపోయాను. ఆమె పలక మీద ఒక్క ముక్క రాసి అందరికీ తిప్పి చూపించింది: "పెట్టె ముట్టుకోవద్దు." లేచి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలీదు. మావయ్య రెజిన్ మీద, మంచు మీద, కంపెనీ మీద. ఆ మంటలోనే నోరు జారింది. "పెట్టె కూస్తేనే కూతా? మనకి నోళ్ళు లేవా?" అన్నాను.

వీర్రాజు బాబాయి చుట్ట తీసి, ఎందుకోగానీ, మెల్లిగా "ఓ......య్" అన్నాడు. అచ్చం బర్రె. ఇన్నేళ్ళూ చెవిలో నానిన కూత కదా, గొంతులోంచి అదే వచ్చేసింది. పక్కనున్నవాళ్ళు అందుకున్నారు. పిల్లలు అందుకున్నారు.

ఇంట్లోంచి కంచం టంగుమంది. వదిన గుమ్మంలో నిలబడి ఉంది. మొహంలో చిరాకు చూడాలి! పలక మీద రాసింది: "శ్రుతి లేదు. మళ్ళీ."

మార్గశిర బహుళ తదియ

మంచు. నిన్నటికంటే దట్టం.

పొద్దున్నంతా వదిన మమ్మల్ని కాల్చుకు తింది. బొంగురు గొంతుల మగవాళ్ళని కింద వరసలో, ఆడవాళ్ళని పైవరసలో నిలబెట్టింది. ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు పక్కవాళ్ళు లాగాలి, కూత తెగకూడదు. తప్పు చేస్తే కంచం. బాగా చేసినా కంచం. నూనె డబ్బాల అడుగులు కోసి నోళ్ళకి పెట్టుకున్నాం. వీర్రాజు బాబాయి గొంతు అన్నిటికన్నా లోతైనదని తేలింది. దాంతో ఆయనకి ఎక్కడలేని బెట్టు వచ్చేసింది. "నన్ను ముందు పెట్టండర్రా" అని కూర్చున్నాడు.

పెట్టెతో పాటు కలిపి కూశాం. తర్వాత వదిన నా కేసి చూసి తలూపింది. నేను పెట్టె ఆపాను.

పెట్టె ఆగింది, కూత ఆగలేదు. వదిన గరిటె గాల్లోకి లేస్తే మా అందరి గొంతులూ లేస్తున్నాయి. మొత్తం తెప్ప అడుగున చెక్కలు అదిరాయి. ఎప్పుడూ వెక్కిరించే అయిదో తెప్పవాళ్ళు తమ రేకు డబ్బాల మధ్య సందు చూసుకుని ఈలలు వేశారు.

చాలాసేపటికి మంచులోంచి పడవ గంట వినిపించింది. నాకు తెలిసిన గంటే. తర్వాత ముక్కు కనబడింది, ఆ తర్వాత తాడు విసిరే చెయ్యి. కొండబాబు!

"ఏటే లోవా, పెట్టెకి జలుబు సేసిందేటి?" అన్నాడు. డబ్బా నోటికే ఉంది నాకు, అందులోంచే తిట్టాను. ఆ తిట్టు కాకినాడ రేవు దాకా వినబడి ఉంటుంది. సంగతి విన్నాక ఆయన చొక్కా పిండుకోనైనా లేదు, వెళ్ళి మగవాళ్ళ వరసలో నిలబడి కూత అందుకున్నాడు.

ఇంకా పడవలు రావాలి కనక కూత ఆపలేదు. నేను వరసలోంచి బయటికొచ్చి గ్రైండరు పట్టుకున్నాను. డాక్టరమ్మ దీపం పట్టుకున్నారు. రెజిన్ దుమ్ము ముక్కుల్లోకి పోతుంటే పొర పొరగా కోశాను. నడిమధ్యలో వేలి గోరంత కార్డు. మావయ్య దాన్ని ముందు ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, ఆ తర్వాతే రెజిన్ పోశాడు. అంత జాగ్రత్త ఆయన తన పడవకి కూడా తీసుకోలేదు.

డాక్టరమ్మ యంత్రంలో పెట్టారు. ముందు టక్. తర్వాత ఒక ఆడపిల్ల కసిరింది. "నానా, ఆ గొడ్డలి పక్కనెట్టు. పాడతన్నాను కదా!" దూరంగా మావయ్య గొంతు. "పాడమ్మా పాడు, నేను లేననుకో." ఆ తర్వాత పాట.

"ఓయ్! ఆగవోయ్ ఆటో, ఆగవోయ్
బుట్టేమో బరువు, బజారేమో దూరం, ఆగవోయ్
వానొస్తే రానీ, నేనొస్తున్నా, ఆగవోయ్!"

ఊపిరుంది. జీరుంది. రెండో చరణంలో నవ్వు తన్నుకొచ్చి పదం మింగేసింది. డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "చాలండీ, ఇంతకంటే ఎవరికేం కావాలి" అన్నారు. వదిన గరిటె ఆపలేదు. కూత నడిపిస్తూనే ఉంది. చెంపల మీద మాత్రం ధారగా కారుతోంది.

మార్గశిర బహుళ పంచమి

మంచు పల్చబడుతోంది. మా పడవలన్నీ వచ్చేశాయి. రాత్రికల్లా గాలి మళ్ళుతుందంటున్నారు.

ఓడ మీద పట్టీ బిగించారు. బిగించే ముందు డాక్టరమ్మ ఒక మాట అడిగారు. "ఇది పంతొమ్మిదేళ్ళ గొంతండీ. ఇలాగే ఉంచమంటారా, మీ వయసు కలపమంటారా? చాలామంది చిన్న గొంతే కోరుకుంటారు."

ఉంచుకో వదినా అని నా నోటి చివరిదాకా వచ్చింది. ఎవరొద్దంటారు? వదిన పలక శుభ్రంగా తుడిచింది. తర్వాత రాసింది: "కలపండి. ఆ ఏళ్ళన్నీ నేనే బతికాను."

పట్టీ వెలిగింది. "ఏదన్నా అనండి" అన్నారు డాక్టరమ్మ. వదిన నా వైపు తిరిగింది. పెదాలు కదిలాయి. కొంచెం బరువెక్కిన గొంతు, అంచున జీర, మధ్యలో అదే పొగరు.

"లోవా, టీలో పంచదార తగలేస్తన్నావే."

"ఇన్నాళ్ళూ రాసి చెప్పొచ్చు కదా!" అన్నాను.

"రాస్తే తిట్టినట్టుండదే."

ఓడ మీద రోగులందరూ చూస్తుండగా ఇద్దరం ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చాం. మధ్యలో ఆమె నన్ను తిడుతూనే ఉంది. వినడానికి ఎంత బాగుందో.

పుష్య శుద్ధ చవితి

మంచు. మళ్ళీ చెయ్యి కనబడనంత.

మా పెట్టె ఇక లేదు. ఓడవాళ్ళు వెళ్తూ పాత యాంప్లిఫయరొకటి ఇచ్చిపోయారు, బూరకి దాన్ని తగిలించి మైకు పెట్టాను. కూత వెయ్యడానికి తెప్పవాళ్ళంతా వంతులేసుకున్నారు. మొదటి వంతు తనదని వీర్రాజు బాబాయి గొంతు సవరించుకుని మరీ వచ్చాడు. వదిన ఆయన చేతిలోంచి మైకు లాక్కుంది.

"నీ వంతు తర్వాత బాబాయ్. ఇది నా కూత."

ముందు బర్రె కూతే వేసింది, పడవలకి అలవాటైనట్టు, లోతుగా, సాగదీసి. ఒకటి, రెండు. మూడోసారి "ఓయ్!" అని విరిచింది. అక్కణ్ణుంచి పాటే. ముప్ఫయ్యేళ్ళు పైబడ్డ పాట, రెజిన్‌లో పడున్న పాట, ఎవడో చేపల కంపని పారేసిన పాట, బూర పగిలేలా సముద్రం మీదకి పోయింది. వీర్రాజు బాబాయి కంగారుపడి, "కూత మార్చకే రత్నం, మగోళ్ళు తికమకపడతారు" అంటున్నాడు. ఆమె వింటేగా! మైకు పట్టుకున్న నైరాని నేను బొమ్మల్లో చూశాను. ఈ మనిషి వేరు. జుట్టు రేగి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, చెప్పుల్లేకుండా నిలబడి పాడుతోంది.

"వానొస్తే రానీ, నేనొస్తున్నా..."

అక్కడ ఊపిరి కోసం ఆగింది. ఆ ఖాళీలో, మంచులోంచి, ఎంతో దూరం నుంచి మగ గొంతులు వినిపించాయి. శ్రుతీ లేదు, పాడూ లేదు. అన్నీ కలిసి ఒకే మాట.

"ఆగవోయ్!"

ఇంకో వైపు నుంచి మరో పడవ. "ఆగవోయ్!" కొండబాబు గొంతు అందులో నేను గుర్తుపట్టాను, అందరికన్నా అపశ్రుతి ఆయనదే. వదిన పగలబడి నవ్వింది. నవ్వుతూనే పాడింది. గంటలు దగ్గరపడ్డాయి, ఒక్కో పడవ ముక్కూ మంచులోంచి పాడుకుంటూ బయటికొచ్చింది.

ఏడో తెప్ప పడవలన్నీ చేరాయి. ఈ పూట కూసింది: సూరాడ నూకరత్నం.